మారతహళ్లి పీజీ పిల్లలకు ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పడం ఎలా: పన్నెండు వారాల పద్ధతి

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ చుట్టుపక్కల పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో) ఉండే తెలుగు పిల్లలు చాలామంది డిగ్రీయో, బీటెకో పూర్తి చేసి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చినవాళ్లే. వీళ్లకు ఇంగ్లిష్ అసలు రాదనడం తప్పు. పదేళ్లకు పైగా చదివారు. యాక్టివ్ వాయిస్ ఇస్తే పాసివ్ వాయిస్‌లోకి మార్చి చూపిస్తారు. కానీ ఫోన్‌లో హెచ్‌ఆర్ అమ్మాయి ‘వెన్ కెన్ యు జాయిన్?’ అని అడిగితే నాలుగు సెకన్లు నిశ్శబ్దం, ఆ తర్వాత ‘మేడమ్, యాక్చువల్లీ...’

దీనికి తోడు ఇంకో చిక్కుంది. పీజీ ఓనరు తెలుగు, వంటవాడు తెలుగు, పక్క మంచం తెలుగు. ఊరు మారిందే తప్ప వాడే భాష మారలేదు. కాబట్టి మీ క్లాసు చేయాల్సిన పని కొత్త వ్యాకరణం నేర్పడం కాదు. తెలిసిన ఇంగ్లిష్‌ను వాడక తప్పని పరిస్థితిని వారానికి మూడుసార్లు కల్పించడం. కింద ఉన్నదంతా ఆ ఒక్క పని చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా లెక్క చూసుకోండి

వారానికి మూడు రోజులు, రోజుకు గంటన్నర చొప్పున పన్నెండు వారాలు నడిపితే 54 గంటలు. భాష ఎంత వచ్చో కొలిచే యూరప్ వాళ్ల సీఈఎఫ్ఆర్ కొలమానంలో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లున్నాయి. ఏ2 చేరడానికి మొత్తం 180 నుంచి 200 గంటలు, బీ1కి 350 నుంచి 400, బీ2కి 500 నుంచి 600 గంటల బోధన పడుతుందని కేంబ్రిడ్జ్ పరీక్షల వాళ్ల అంచనా. అంటే 54 గంటల్లో ఎవరూ ఒక మెట్టు పూర్తిగా ఎక్కరు. ఉన్న మెట్టు మీద తడబడకుండా నిలబడతారు, అంతే. చేరేటప్పుడే ఆ మాట చెప్పేయండి. ‘30 రోజుల్లో అనర్గళంగా’ అని బోర్డు పెట్టేవాళ్ల దగ్గర ఇరవయ్యో రోజుకే బెంచీలు ఖాళీ అవుతాయి.

బ్యాచ్‌లో ఎనిమిది నుంచి పన్నెండు మంది ఉంటే చాలు. ఆరుగురికి తగ్గితే ఇద్దరు రాని రోజున జతలు కుదరవు. పదిహేను దాటితే జతల మధ్య తిరిగి వినడం మీవల్ల కాదు. సరిసంఖ్య ఉండేలా చూసుకోండి. సమయం రాత్రి ఏడున్నర తర్వాతే పెట్టుకోండి. అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌ను నమ్మి ఆరున్నరకు పెట్టిన క్లాసు ఎప్పుడూ ఏడుంబావుకే మొదలవుతుంది.

మొదటి రోజు: రాత పరీక్ష పెట్టొద్దు

రాత పరీక్ష పెడితే అందరికీ మంచి మార్కులే వస్తాయి, మీకు మాత్రం ఏమీ తెలియదు. ఒక్కొక్కరిని పక్కకు పిలిచి, ఫోన్‌లో రికార్డ్ చేస్తూ (ముందు అనుమతి అడిగి) మూడే మూడు పనులు చేయించండి:

1. పీజీ నుంచి దగ్గర్లోని బస్‌స్టాప్‌కు దారి చెప్పమనండి. ఒక నిమిషం.
2. నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం చేశారో చెప్పమనండి. ఒక నిమిషం. భూతకాలం పట్టు ఇక్కడ బయటపడుతుంది.
3. మిమ్మల్ని ఐదు ప్రశ్నలు అడగమనండి. ఇదే అసలు పరీక్ష. జవాబులు బాగా చెప్పేవాళ్లు కూడా ప్రశ్న అడగమంటే ‘యు ఆర్ ఫ్రమ్ విచ్ ప్లేస్?’ దగ్గరే ఆగిపోతారు. స్కూల్లో పదేళ్లూ ప్రశ్నలు అడిగింది టీచరే కదా.

ఆ రికార్డింగ్ దాచి ఉంచండి. ఆరో వారంలోనూ పన్నెండో వారంలోనూ ఇవే మూడు పనులు మళ్లీ చేయించి పక్కపక్కన వినిపించాలి. వినేటప్పుడు మూడు లెక్కలు రాసుకోండి: నిమిషానికి ఎన్ని మాటలు, మూడు సెకన్లు దాటిన నిశ్శబ్దాలు ఎన్ని, ఐదింటిలో ఎన్ని ప్రశ్నలు సరిగ్గా కుదిరాయి.

ఒక క్లాసు ఎలా నడవాలి

తొంభై నిమిషాలను ఇలా పంచుకోండి. మొదటి పది నిమిషాలు జతలుగా పిచ్చాపాటీ: నిన్నటి మ్యాచ్, మెస్‌లో పప్పు, ఏదైనా సరే. తర్వాత పదిహేను నిమిషాలు శబ్దాలు. ఆపైన నలభై నిమిషాలు ఆ రోజు చేయాల్సిన పని. పదిహేను నిమిషాలు బోర్డు మీద తప్పులు దిద్దడం. చివరి పది నిమిషాలు అదే పని ఇంకో జతతో మళ్లీ. ఈ చివరిది మానేయాలనిపిస్తుంది, మానేయకండి. మొదటిసారి తడబడ్డ వాక్యమే రెండోసారి గొంతు దాటి వస్తుంది. క్లాసులో నేర్చుకోవడం కంటికి కనిపించేది అక్కడే.

‘పని’ అన్న మాట వెనక బెంగళూరు చరిత్రే ఉంది. 1979 నుంచి 1984 దాకా ఇంగ్లిష్ బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు ఇక్కడి రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ కేంద్రంగా దక్షిణాది బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణ పాఠాల క్రమాన్ని పక్కనపెట్టి పిల్లలకు మ్యాపులు, రైళ్ల టైంటేబుళ్లు ఇచ్చి, లెక్క తేల్చమన్నారు. బుర్ర అర్థం మీద పనిచేస్తుంటే భాష దానంతటదే ఒంటబడుతుందన్నది ఆయన వాదన. టాస్క్ ఆధారంగా బోధించే పద్ధతికి ప్రపంచమంతా దాన్ని తొలి పెద్ద ఉదాహరణగా చెప్పుకుంటారు. ముందు టీచరు అందరితో కలిసి ఒక నమూనా చేయడం, తర్వాత అలాంటిదే పిల్లలు సొంతంగా చేయడం ఆ ప్రయోగపు క్రమం. ప్రభు జతపనిని ప్రోత్సహించలేదు. పిల్లల్లో ఒకరి తప్పులు ఇంకొకరికి అంటుకుంటాయని ఆయన అనుమానం. బడి పిల్లల విషయంలో ఆ భయంలో న్యాయముంది. కానీ మాట్లాడటమే లక్ష్యమైన పెద్దపిల్లల దగ్గర జతలు లేకుండా కుదరదు.

ఒక నమూనా చూడండి. కిందివన్నీ సాధన కోసం కల్పించిన అంకెలే. వీకెండ్‌కు అనంతపురం వెళ్లాలి. చీటీ ‘ఎ’లో బస్సులు: ఒకటి రాత్రి 9:30కు బయల్దేరి 2:30కు చేరుతుంది, టికెట్టు 480 రూపాయలు. రెండోది 11:45కు బయల్దేరి 4:45కు చేరుతుంది, 720 రూపాయలు. చీటీ ‘బి’లో రైళ్లు: ఒకటి సాయంత్రం 6:40కు బయల్దేరి 11కు చేరుతుంది, 180 రూపాయలు. రెండోది రాత్రి 1:10కు బయల్దేరి పొద్దున 6:40కు చేరుతుంది, 165 రూపాయలు. షరతులు: ఆఫీసు ఏడింటికి వదులుతుంది, పొద్దున ఆరులోపు చేరాలి, జేబులో 600 రూపాయలు. జతలో ఒకరి చీటీ ఇంకొకరు చూడకూడదు. నోటితో అడిగే తెలుసుకోవాలి.

ముందు వేరే అంకెలతో మీరు బోర్డు మీద ఒకటి చేసి చూపించండి. ‘వాట్ టైమ్ డజ్ ఇట్ లీవ్?’, ‘హౌ లాంగ్ డజ్ ఇట్ టేక్?’, ‘హౌ మచ్ ఈజ్ ద టికెట్?’ ఈ మూడు ప్రశ్నలూ ఆ పది నిమిషాల్లో వాటంతటవే పదిసార్లు వినిపిస్తాయి. నియమాలు చెప్పాల్సిన అవసరం లేదు.

దాదాపు అందరూ మొదటి బస్సు దగ్గరికి వస్తారు. అప్పుడు కొత్త మెలిక పెట్టండి: తమ్ముడు బైక్ మీద తీసుకెళ్లడానికి వస్తాడు గానీ నాలుగింటికి ముందు లేవడు. ఇప్పుడు సరైన జవాబంటూ లేదు. 120 అప్పు చేసి రెండో బస్సెక్కాలా, బస్టాండులో గంటన్నర కూర్చోవాలా, నలభై నిమిషాలు ఆలస్యమైనా రైలే మేలా? అసలు ఇంగ్లిష్ మొదలయ్యేది ఇక్కడే. ‘ఇఫ్ వుయ్ టేక్ ద సెకండ్ బస్...’ అని ఎవరూ చెప్పమనకుండానే అంటారు.

పని కష్టం తగినంతగా ఉందా లేదా అన్నదానికి ప్రభు కొలత ఇప్పటికీ పనికొస్తుంది: క్లాసులో కనీసం సగం మంది, పనిలో కనీసం సగమైనా సరిగ్గా చేయగలగాలి. అంతకన్నా తక్కువైతే పని కష్టమైందన్నమాట. అందరూ ఐదు నిమిషాల్లో ముగిస్తే మరీ తేలికైంది.

తెలుగులోంచి పుట్టే తప్పులు

క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైన్ అనే పద్ధతి చూడటానికి గట్టిగా కనిపిస్తుంది. ఫలితం మాత్రం నిశ్శబ్దం. పని జరుగుతున్నంతసేపూ ఇంగ్లిష్, తప్పు ఎందుకొచ్చిందో చెప్పేటప్పుడు తెలుగు: ఈ గీత చాలు. తెలుగు తెలిసిన టీచరుకు ఉన్న పెద్ద ఆస్తి ఇదే, దాన్ని పారేసుకోవద్దు.

‘ఐ డిడ్‌న్ట్ వెంట్’ సంగతి తీసుకోండి. నియమం నూరుసార్లు విన్నారు, అయినా వస్తుంది. తెలుగులోంచి చూపించండి. ‘వెళ్లాను’లో భూతకాలం క్రియలోనే ఉంది. ‘వెళ్లలేదు’లో? ‘వెళ్ల’కు కాలం లేదు, బరువంతా ‘లేదు’ మోస్తోంది. ‘వెళ్లానులేదు’ అని ఎవరైనా అంటారా? నవ్వొస్తుంది కదా, ‘డిడ్‌న్ట్ వెంట్’ వింటే ఇంగ్లిష్‌వాడికీ అలాగే ఉంటుంది. కాలాన్ని ‘డిడ్’ మోశాక ‘గో’కు బరువెందుకు? ఒకసారి ఇలా చెప్పాక, తప్పు వచ్చినప్పుడల్లా ‘వెళ్లానులేదు’ అంటే చాలు, వాళ్లే దిద్దుకుంటారు.

‘ఐ విల్ గో టు జిమ్ డైలీ’. తెలుగులో ‘వెళ్తాను’ రేపటికీ సరిపోతుంది, రోజూ చేసేదానికీ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో రెండు వేర్వేరు. ‘రోజూ’ అన్న మాట పెట్టి చూడమనండి, అతికితే ‘విల్’ తీసేయాలి.

‘ఐ యామ్ స్టేయింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’. ‘రెండేళ్లుగా ఉంటున్నాను’కు మక్కికి మక్కి అనువాదం ఇది. ఇక్కడ రెండు తప్పులున్నాయి, విడివిడిగా దిద్దండి. మొదటి వారం ‘ఫర్ టూ ఇయర్స్’ ఒక్కటే పట్టించండి: ఎంతకాలం అయితే ‘ఫర్’, ఎప్పట్నుంచి అయితే ‘సిన్స్’. ‘హావ్ బీన్ స్టేయింగ్’ ఆ తర్వాతి వారం. రెండూ ఒకేసారి పెడితే రెండూ జారిపోతాయి.

‘కెన్ యు టెల్ మీ వేర్ ఈజ్ ద ఆఫీస్?’ చాలామంది ఉద్యోగస్తులు కూడా ఇలాగే అంటారు. ‘ఎక్కడుంది?’ వేరు, ‘ఎక్కడుందో’ వేరు. తెలుగులో చివర ‘ఓ’ చేరగానే అది ప్రశ్న కాకుండా పోతుంది. ఇంగ్లిష్‌లో ఆ ‘ఓ’ పనిని మాటల వరస చేస్తుంది: ‘వేర్ ద ఆఫీస్ ఈజ్’. తెలుగు వాక్యంలో ‘ఓ’ వినిపిస్తే క్రియ వెనక్కి పోవాలని గుర్తు.

‘నిన్న ఫోన్ చేసిన అమ్మాయి’ అన్నప్పుడు మనకు వివరమంతా ముందొచ్చి మనిషి చివర వస్తుంది. ఇంగ్లిష్‌లో ముందు మనిషి, తర్వాత వివరం: ‘ద గర్ల్ హూ కాల్డ్ యెస్టర్‌డే’. ఇది వివరణతో వచ్చేది కాదు, గొలుసాటతో వస్తుంది. ఒకరు ‘ద మ్యాన్’ అంటారు, పక్కవారు ‘హూ కుక్స్ ఇన్ అవర్ పీజీ’, మూడోవారు వాక్యం ముగించాలి. వంటవాడి మీద జోకులు ఎలాగూ పడతాయి, పడనివ్వండి.

ఇక ‘టు మీ ఫీవర్ కేమ్’ లాంటివి మొదటి రెండు వారాల్లోనే పోతాయి. ‘యెస్టర్‌డే ఓన్లీ ఐ టోల్డ్’ మాత్రం పోదు. మన ‘నిన్ననే’లోని ‘ఏ’ అది. భారతదేశమంతా అర్థమయ్యే వాడుక గనుక దానికోసం సమయం వృథా చేయొద్దు. ‘ఎ’, ‘ద’ల మీదా అంతే. తెలుగులో వాటికి సాటి లేదు, పన్నెండు వారాల్లో కుదరవు, అవి తప్పినా అర్థం చెడదు.

శబ్దాలు: నాలుగు చాలు

అమెరికా యాస నేర్పమని అడుగుతారు. వద్దు. వినేవాళ్లకు అడ్డొచ్చేవి నాలుగు దిద్దితే సరిపోతుంది.

మొదటిది, మాట ముందు వచ్చే ‘య’, ‘వ’. ఎగ్ కాస్తా యెగ్ అవుతుంది, ఓల్డ్ వోల్డ్ అవుతుంది, ఎమ్మే యమ్మే అవుతుంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నోరు ముందే తెరిచి, అప్పుడు గొంతు కలపమనండి. పెదాలో, నాలుకో కదిలితే ‘య’, ‘వ’ దూరినట్టే.

రెండోది, జెడ్ శబ్దం. ‘జీరో’ను ‘జీవం’లోని జ-తో పలుకుతారు. ‘జడ’, ‘జున్ను’ అనమనండి. అక్కడి జ దంత్యం, నాలుక ముందుకొస్తుంది. నాలుక అక్కడే ఉంచి, పళ్ల వెనక తగలనివ్వకుండా తుమ్మెదలా గాలి పోనివ్వాలి. గొంతు మీద వేలు పెట్టుకుంటే అదురు తెలుస్తుంది. ‘స్‌స్‌స్’ అంటూ మధ్యలో గొంతు కలిపినా ఇదే వస్తుంది.

మూడోది, వి, డబ్ల్యూ తేడా. తడికీ, పశువైద్యుడికీ ఇంగ్లిష్‌లో వేర్వేరు మాటలున్నాయి. తెలుగులో రాస్తే రెండూ ‘వెట్’. లిపిలోనే తేడా లేదు కాబట్టి చెవికీ అందదు. ఫోన్ సెల్ఫీ కెమెరా తెరిచి చూసుకోమనండి: ‘వి’కి పైపళ్లు కింది పెదవి మీద కనిపించాలి, ‘డబ్ల్యూ’కి పెదాలు ఈల వేసేటట్టు గుండ్రంగా చుట్టుకోవాలి, పళ్లు కనిపించకూడదు. చెవి పట్టలేనిదాన్ని కన్ను పడుతుంది.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: భూతకాలపు ‘ఈడీ’. ‘ఆస్కెడ్’, ‘వాకెడ్’, ‘వర్కెడ్’ అని స్పెల్లింగు చదివేస్తారు. క్రియ చివరి శబ్దం ట్ లేదా డ్ అయితేనే ‘ఎడ్’ అన్న అదనపు అక్షరం పలుకుతుంది: వాంటెడ్, నీడెడ్. క్, ప్, స్, ష్, చ్, ఫ్ లాంటి గొంతు అదరని శబ్దాల తర్వాత ‘ట్’: వాక్ట్, స్టాప్ట్, వాచ్ట్. మిగతా అన్నిచోట్లా ‘డ్’: కాల్డ్, జాయిన్డ్. ఇంటర్వ్యూలో గత ఉద్యోగం గురించి చెప్పే ప్రతి వాక్యంలో ఇది వస్తుంది. మూడు డబ్బాలు గీసి ఇరవై క్రియలు విడదీయించండి, వారానికొకసారి మళ్లీ.

దిద్దడం ఎప్పుడు

మాట్లాడుతున్నప్పుడు ఆపొద్దు. జతల మధ్య తిరుగుతూ నోట్‌బుక్‌లో తప్పు వాక్యాలు రాసుకోండి. దిద్దే పదిహేను నిమిషాల్లో ఎనిమిదింటిని పేర్లు లేకుండా బోర్డు మీద పెట్టండి. వాటిలో రెండు తప్పు లేని వాక్యాలు కలపండి; అప్పుడే నిజంగా చదువుతారు. వాళ్లే దిద్దాలి, మీరు కాదు. ఒక వారానికి ఒక రకం తప్పు మీదే గురి పెట్టండి. ఆ వారం ‘డిడ్‌న్ట్’ అయితే, ‘ఫర్’, ‘సిన్స్’ ఎంత చెవికి గుచ్చుకున్నా వదిలేయాలి.

ఇంటర్వ్యూ సాధన

‘మైసెల్ఫ్ రమేష్, ఐ యామ్ ఫ్రమ్ కడప డిస్ట్రిక్ట్, మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్...’ అని బట్టీపట్టిన పరిచయం నాలుగో వాక్యానికే పరుగందుకుంటుంది. మధ్యలో ఒక్క ప్రశ్న పడితే మొత్తం కూలిపోతుంది. మొదట ‘మైసెల్ఫ్’ తీసేయించి ‘ఐ యామ్’ పెట్టించండి. ఆ తర్వాత, పరిచయంలోని ప్రతి వాక్యానికీ మూడు ప్రశ్నలు తట్టుకోవాలన్న షరతు పెట్టండి. ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్’ అంటే: ఏ పంట? ఈ ఏడు వానలెలా ఉన్నాయి? పొలం పనిలో నువ్వేం చేశావు? మూడింటికి నిలబడని వాక్యం పరిచయంలోంచి పోవాలి. ‘మై హాబీ ఈజ్ రీడింగ్ బుక్స్’ ఇక్కడే పోతుంది, మంచిదే.

వేగం కోసం నాలుగు-మూడు-రెండు ఆట ఆడించండి. అదే విషయాన్ని ఒకరికి నాలుగు నిమిషాల్లో, ఇంకొకరికి మూడు నిమిషాల్లో, మరొకరికి రెండు నిమిషాల్లో చెప్పాలి. వినేవారు మారుతుంటారు కాబట్టి చెప్పడంలో విసుగు ఉండదు, సమయం తగ్గేకొద్దీ మధ్యలో ‘అంటే’, ‘యాక్చువల్లీ’ రాలిపోతాయి. ఫోన్ ఇంటర్వ్యూ కోసమైతే ఇద్దరినీ వీపులు ఆనించి కూర్చోబెట్టండి. మొహం కనిపించకపోతే ‘కుడ్ యు రిపీట్ దట్, ప్లీజ్?’ అనాల్సిన అవసరం నిజంగా వస్తుంది.

క్లాసు బయట

బెంగళూరు మెట్రోలో ప్రకటనలు కన్నడలోనూ ఇంగ్లిష్‌లోనూ వస్తాయి. మొదట కన్నడ విని విషయం ఊహించి, వెంటనే ఇంగ్లిష్‌లో సరిచూసుకోవడం మంచి వినికిడి సాధన. రోజుకు రెండు వాక్యాలు విని రాసుకురమ్మనండి. గ్రూపులో అక్షరాల మెసేజ్‌లు మానిపించి 45 సెకన్ల వాయిస్ మెసేజ్‌లే పెట్టించండి. పంపేముందు నాలుగుసార్లు తుడిచి మళ్లీ చెప్తారు, ఆ నాలుగుసార్లే సాధన. ఆటో డ్రైవర్‌తో మాత్రం ఇంగ్లిష్ ప్రయోగాలు వద్దు. ‘ఎష్టు ఆగత్తే?’ అంటే మీటరు కాకపోయినా మొహమైనా కాస్త తిరుగుతుంది.

ఎక్కడ చెడుతుంది

మూడు, నాలుగు వారాల మధ్య ముగ్గురో నలుగురో రావడం మానేస్తారు. షిఫ్టు మారడం ఒక కారణమైతే, కొత్తదనం తగ్గి మెరుగు ఇంకా కనిపించకపోవడం రెండోది. మొదటి రోజు రికార్డింగ్‌లో ఒక్క నిమిషం నాలుగో వారంలోనే విడిగా వినిపించండి, ఆరు దాకా ఆగకుండా.

ఒకడు అందరి వాటా మాట్లాడేస్తాడు. అతనికి రాసుకునే పని అప్పగించండి: ఎవరేమన్నారో నోట్ చేసుకుని చివర్లో చెప్పాలి. అసలు నోరు విప్పని అమ్మాయి ఉంటుంది. ఆమెను అందరిముందు నిలబెట్టొద్దు. చీటీలో కీలకమైన సమాచారం ఆమె దగ్గరే ఉండేలా పంచండి; ఆమె చెప్పకపోతే జత పని ముందుకు కదలదు, పక్కవాళ్లే ఓపిగ్గా అడుగుతారు.

పన్నెండో వారం రికార్డింగులో మాటల వేగం పెరిగి, ప్రశ్నలు మాత్రం ఐదులో రెండే కుదిరితే, మీరు పనులన్నీ జవాబులు చెప్పేవిగానే ఇచ్చారని అర్థం. తర్వాతి బ్యాచ్‌కు చీటీలు తిరగరాయండి: ప్రతి పనిలో ఒక్కొక్కరూ కనీసం ఆరు ప్రశ్నలు అడిగితేనే తేలేలా.